తాతగారు చిక్కిన ఆదివారం

విరిగిన మణికట్టుకి కట్టు విప్పేసరికి, దర్జీ పిన్ని కుడిచేతి వేళ్లు కర్రముక్కల్లా బిగుసుకుపోయాయి. డాక్టరు నొక్కమని ఇచ్చిన రబ్బరు బంతి రెండు రోజుల్లోనే విసుగెత్తించింది. చివరికి అక్క కూతురే తన చేపలు పట్టే వీడియో గేమ్ తెచ్చి టీవీకి తగిలించింది.

ఆటలో ఒక సరస్సు. గాలానికి చేపపిల్లలాంటి బొమ్మ ఎర. దాన్ని దూరంగా విసిరి, చేతిలోని రిమోట్ మీద బొటనవేలితో రీలు చుడుతూ వెనక్కి తెచ్చుకోవాలి. పిన్ని గబగబా చుట్టేసింది. ఒక్క చేపా తోకైనా ఆడించలేదు.

"పరుగుపందెమా పిన్నీ? బతికున్న చేపపిల్ల అలా దూసుకొస్తుందా? రెండు చుట్లు చుట్టు, ఆగు, చిన్న కుదుపు ఇవ్వు."

"ఆగమంటే నా వేలు ఆగట్లేదే!"

"ఆగేదాకా ఆడు మరి."

పిన్నికి పంతం వచ్చింది. వంట కాగానే టీవీ ముందు కూర్చునేది. మొదట్లో చిన్నగా కుదపబోతే ఎర కాస్తా ఎగిరి నీళ్ల పైకొచ్చేది. వారం తిరిగేసరికి చిన్నాచితకా చేపలు పడ్డాయి. మూడో వారానికి, ఎరని అడుక్కి దిగనిచ్చి, బురదని రాసుకుంటూ మెల్లగా నడిపించడం పట్టుబడింది.

ఆ సరస్సులో పడిపోయిన చెట్టు కింద ఒక పెద్ద చేప ఉంది. అక్క కూతురు దానికి తాతగారు అని పేరు పెట్టి, ఆర్నెల్లుగా తంటాలు పడుతోంది. అది ఎర వెంట వస్తుంది, చూస్తుంది, పోతుంది.

పక్కన కూర్చుని చూసీ చూసీ పిన్ని ఒకటి కనిపెట్టింది. తాతగారు ఎప్పుడూ రెండో కుదుపుకే వెనుదిరుగుతున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం ఆమె ఎర వేసింది. రెండు చుట్లు, ఒక కుదుపు. చెట్టు కింద నీడ కదిలింది. పిన్ని వేలు ఎత్తేసింది.

"చుట్టు పిన్నీ, పోతుంది!"

"నోర్మూసుకుని కూర్చో కాసేపు."

లోలోపల ఏడు దాకా లెక్కపెట్టి, పావు చుట్టు తిప్పింది. తెర మీద గాలం కర్ర విల్లులా వంగిపోయింది. గాలం తీగ తెగేలా బిగిసి ఎర్రబడితే వదిలింది, చేప అలిసినప్పుడల్లా చుట్టింది. చెయ్యి పీకుతున్నా ఆపలేదు. తాతగారు ఒడ్డుకొచ్చి పడ్డాడు: పదకొండు కిలోలు!

అక్క కూతురు గెంతులేస్తూ తల్లికి ఫోన్ కలిపింది. "అమ్మా, మీ చెల్లెలు తాతగారిని పట్టేసింది!"

సంగతంతా విన్నాక అక్క అడిగింది, "ఇంతకీ తినడానికి పనికొస్తుందా అది?"

"తినడానిక్కాదక్కా, చెప్పుకోడానికి," అంది పిన్ని, మెడ నిటారుగా పెట్టి.

ఆ వారమే ఆమె మళ్లీ కుట్టుమిషను ముందు కూర్చుంది. బట్టలకోసం ఎవరొచ్చినా, ముందు ఫోన్లో ఆ చేప ఫొటో చూడందే కొలతల టేపు బయటికి వచ్చేది కాదు.