పిండి లేని మూడు రోజులు

"మా కోడలు బయటుండాది. మూడు దినాలు పిండి లేదు, పొండి" అని మా అత్త పిచ్చమ్మ వాకిట్లో నిలబడి కేకేసింది. దోసె పిండి కోసం గిన్నెలు పట్టుకొచ్చిన ఆడవాళ్ళు తలాడించి వెళ్ళిపోయారు. రొయ్యల గుంటల్లో పనిచేసే మగవాళ్ళిద్దరు మాత్రం, పెరటి వసారాలో చాప మీదున్న నన్ను ఒకసారి తొంగి చూసి మరీ వెళ్ళారు. తోటపల్లి గూడూరు పక్కన మా వీధిలో కరెంటు బిల్లు ఏ తేదీన కట్టాలో ఎవరికీ గుర్తుండదు గానీ, ఈ కామాక్షి ఏ తేదీన బయట చేరుతుందో అందరికీ తెలుసు.

గేదె కింద పేడ తియ్యడానికి, మా ఆయన బనియన్లు ఉతకడానికి అడ్డురాని మైల గ్రైండరు దగ్గరికొచ్చేసరికి అడ్డమొస్తుంది. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. ఆ మూడు రోజులూ వంట అత్తది కాబట్టి, మధ్యాహ్నాలు నేను నడుం వాల్చేదాన్ని. నెలలో నేను పడుకుని ఆకాశం చూసేది అప్పుడే. మిగతా రోజుల్లో నాలుగింటికి లేస్తే మళ్ళీ పక్క మీదికి చేరేవరకు కాళ్ళ మీదే. ఆ మధ్య మా పొదుపు గ్రూపు ఆడవాళ్ళకు క్లాసు చెప్పడానికి ఒక మేడం వచ్చింది. పొద్దున్నే లేవాలంది, మనసు ఒక పని మీదే పెట్టాలంది, ఇరవై ఒక్క రోజులు మానకుండా చేస్తే ఏదైనా అలవాటైపోతుందంది. రాసుకున్నాను కూడా. అలవాటైనదాన్ని ఇరవై ఐదో రోజుకు మా అత్త మానిపిస్తుందని ఆమెకెలా చెప్పను?

ఆ నెలలోనే సెంటర్లో టిఫిను హోటలు నడిపే పోలేరయ్య ఇంటికొచ్చాడు. రోజూ పది కేజీల పిండి కావాలన్నాడు. "నీ పిండి బాగుంటాదమ్మా, కాదన్ను. కానీ నెలకు మూడునాళ్ళు లేదంటే, నా పెనం మీద ఏం పోసుకునేది? రోజూ ఇస్తానంటే చెప్పు. లేకుంటే నెల్లూరు నుంచి తెప్పించుకుంటా." వీధిలో గిన్నెడు గిన్నెడు అమ్మితే ఉప్పుకీ పప్పుకీ సరిపోయేది. పోలేరయ్య బేరం కుదిరితే, బస్సు చార్జీకి కూడా మా ఆయన ముందు చేయి చాపి నిలబడే బతుకు తప్పుతుంది. అప్పటికి గుంటల్లో జబ్బొచ్చి రొయ్యలు పోయి, కాపలా పని లేక మా ఆయన నరేంద్రబాబు ఇంట్లోనే ఉన్నాడు. ఆ మూడు రోజులూ గ్రైండరు వెయ్యమని బతిమాలాను.

"నేను పిండి రుబ్బాల్నా? నలుగురు చూస్తే ఏమనుకుంటారు మే?" అన్నాడు ఫోనులోంచి తలెత్తకుండా.

"వాడు మగోడు" అంది అత్త. "నాకు మోకాళ్ళ నొప్పులు. మూడు దినాలు అమ్మకపోతే కొంపేం మునిగిపోదులే."

పోలేరయ్యకు సరేనన్నాను. మరుసటి నెల నా తేదీ వచ్చింది. నోరు మూసుకుని గ్రైండరు తిప్పాను. "ఇంకా రాలేదేందే?" అంది అత్త. ఆలస్యమన్నాను. ఆ పై నెలా అదే మాట. వాడిన ప్యాడ్లు పాత పేపర్లో చుట్టి, పిండి బకెట్లు వేసుకుని వెళ్ళే ఆటోలోనే పట్టుకెళ్ళి, కాలవగట్టు అవతల పూడ్చి వచ్చేదాన్ని. కడుపులో మెలిపెడుతుంటే తడి బియ్యం బేసిను ఎత్తి, ముఖం మామూలుగా పెట్టుకునేదాన్ని. మూడో నెలలో అత్త మళ్ళీ అడిగింది. నా నోటి నుంచి ఎలా వచ్చిందో వచ్చేసింది.

"ఆగిపొయినట్టుండాదత్తా."

నాకు ముప్ఫై ఏడు.

"ఆపరేషనైనోళ్ళకి తొందరగానే ఆగిపోతాదంటలే" అంటూ అత్త నా తల మీద చెయ్యి వేసింది. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో అదే మొదటిసారి. "పీడా పొయింది. ఇంక ఆ మూడు దినాల వంట కూడా నువ్వే చూసుకో, నేను కూచోలేను. దీపం కూడా నెలంతా నువ్వే పెట్టు."

"అయితే మా అమ్మకి తోడు ఇంకో ముసిల్ది తయారైందన్నమాట" అని మా ఆయన నవ్వాడు. ఆ రాత్రి చాప తీసుకుని వరండాలోకి పోయి పడుకున్నాడు. ఇప్పటికీ అక్కడే పడుకుంటాడు.

పోలేరయ్య నెల నెలా డబ్బు ఇస్తున్నాడు. అది నా పేరు మీదే బ్యాంకులో పడుతోంది. మేడం చెప్పినట్టే, ఒక్క రోజు మానలేదు.

ఈ పొద్దున నాలుగింటికి లేచి, పిండి రుబ్బి, బకెట్లు ఆటోకెత్తి, అన్నం వార్చి, స్నానం చేసి దేవుడి గూటి ముందు కూర్చున్నాను. నడుం విరిగిపోతోంది. "కామాక్షీ, దీపం పెట్టినావా?" అని అత్త అడిగింది. పెడుతున్నానత్తా అని, వత్తి సవరించి వెలిగించాను.

నాకు ఈరోజు రెండో రోజు.