ఉతకరాని బనియన్

ఒక నాగరికత ఎంత ఉన్నతమైనదో తేల్చడానికి దాని గ్రంథాలయాలనూ న్యాయస్థానాలనూ పరిశీలించనక్కరలేదు. అది తన బనియన్లను ఎన్నాళ్లకోసారి ఉతుకుతుందో విచారిస్తే చాలు. ఈ కొలమానాన్ని బట్టి, నెబ్రాస్కా మొక్కజొన్న చేల నడుమ వెలసిన మా హాల్‌బెక్ పట్టణం ఆ ఏడు ఆగస్టు నుంచి డిసెంబరు దాకా ఏ యుగంలో నివసించిందో పాఠకులే నిర్ణయించుకోవచ్చు.

ఆ ఫుట్‌బాల్ సీజన్ మొదటి ఆటనాడు ట్రెంట్ పొకోర్నీ అనే కుర్రవాడు ఆలస్యంగా వచ్చాడు. మా హైస్కూల్లో అందరికంటే పొడుగరి వాడే. సంచి అడుగున చేతికందిన బూడిదరంగు బనియన్‌ను తొందరలో తిరగేసి తొడుక్కుని, పైన భుజకవచాలు బిగించుకుని మైదానంలోకి ఉరికాడు. ఆ రాత్రి ఎదుటి జట్టువాళ్లు నడుముకు వేలాడుతున్నా బంతి చంకన పెట్టుకుని, వాళ్లను ఈడ్చుకుంటూనే గోల్ గీత దాటి ఆట గెలిపించాడు. మర్నాడు కోచ్ బడ్ ష్లేకర్ జట్టును కూర్చోబెట్టి శాసనం జారీ చేశాడు.

"ఆ బనియన్ ఉతకొద్దు. సరిచేసి తొడుక్కోవద్దు. గెలుస్తున్నంతకాలం అది ఎలా ఉందో అలాగే ఉండాలి. అర్థమైందా?"

అర్థమైంది. బీజగణితం అర్థం కాని పిల్లలకు సైతం ఇది వెంటనే అర్థమైంది.

జట్టు గెలుస్తూ పోయింది. బనియన్ కూడా తన ప్రస్థానాన్ని కొనసాగించింది. దాని మీద చెమట ఆరింది, చెమట మీద బురద ఎండింది, బురద మీద ఎవరి ముక్కు నెత్తురో చిమ్మింది, ఆ పైన విజయోత్సవంలో ఒలికిన చిల్లీ పులుసు పేరుకుంది. అక్టోబరు వచ్చేసరికి ట్రెంట్ దాన్ని విప్పి బల్ల మీద పెడితే, అది ఒరగకుండా నిటారుగా కూర్చునేది. మైదానంలోకి దిగబోయే ముందు ప్రతి ఆటగాడూ దాని మీద అరచేయి ఉంచి, ఆ చేతితోనే నుదురు తుడుచుకోవడం ఆచారమైంది. ఆ ఆచారం క్రమంగా బ్యాండు మేళానికీ, చీర్‌లీడర్లకూ పాకింది. చివరికి పాఠశాల సభలో స్కూలు బోర్డు అధ్యక్షుడు డెల్మర్ ఫ్రైస్, ట్రాక్టర్లు అమ్మే పెద్దమనిషి, నలుగురు పిల్లల తండ్రి, వేదిక మీదకు వచ్చి ఆ వస్తువు మీదకు వంగి, కళ్లు మూసుకుని గుండెల నిండా పీల్చాడు.

"ఆహా! ఇదీ గెలుపు వాసనంటే!"

నేను మూడో వరసలో కూర్చున్నాను. ఆ గెలుపు అక్కడిదాకా వచ్చింది. పశువుల మేత పులిసిన గుంటలో తడికుక్క ఒకటి పడి, పైకి రాలేకపోతే ఎలా ఉంటుందో అలా ఉంది. సభ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను, చేతులు ఖాళీగా ఉంటే ముక్కు మూసుకుంటాయేమోనని భయం.

తరువాత తామర వచ్చింది. మొదట ట్రెంట్ వీపున ఎర్రటి వలయాలు, తరువాత ఆటగాళ్లందరి నుదుళ్లమీదా అవే. వాళ్లు సిగ్గుపడలేదు సరికదా, ఎవరి వలయం పెద్దదో కొలుచుకున్నారు. తరగతిలో నేను అంతర్యుద్ధం గురించి చెబుతుంటే, వెనక బెంచీల నుంచి గోకుడు శబ్దం, పెంకు మీద గీసినట్టు, గంట కొట్టేదాకా వినిపించేది.

ఈ కీర్తిగాథలో సంతోషం లేనివాడు ఒక్కడే: వడ్రంగం నేర్పే మాస్టారు, బాస్కెట్‌బాల్ కోచ్ లైల్ కోల్టర్‌మన్. మా ఊళ్లో చలికాలం బాస్కెట్‌బాల్ ఆడేదీ ఆ పిల్లలే. ఫుట్‌బాల్ పోటీలు ముగిస్తే తప్ప వాళ్లు లైల్ చేతికి రారు. పిల్లలు చాలక, వచ్చే ఏడు మా హైస్కూలును పక్క ఊరు స్టెల్‌విల్‌లో కలిపేస్తున్నారు. పేరు వాళ్లది, రంగులు వాళ్లవి. హాల్‌బెక్ పేరుతో బాస్కెట్‌బాల్ ఆడే ఆఖరి సీజన్ ఇదే. పైగా ట్రెంట్‌తో సహా తన జట్టులోని ఐదుగురినీ లైల్ పాలపళ్లు ఊడకముందునుంచీ తీర్చిదిద్దుకొచ్చాడు. మొదటి ఆట మా జిమ్‌లోనే, స్టెల్‌విల్‌తోనే. ఆయనకు కావలసిందల్లా ఆ ఐదుగురూ ఆరోగ్యంగా ఆ నేల మీద నిలబడటం.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆయన ష్లేకర్‌ను బతిమాలడం నేను విన్నాను.

"బడ్, ఒక్కసారి ఉతికించవయ్యా. పిల్లల ఒళ్లు చూశావా?"

ష్లేకర్ దాల్చినచెక్క రొట్టెను చిల్లీలో ముంచుతూ తల కూడా ఎత్తలేదు. "చూశాను. గెలిచే ఒళ్లు."

"అది తామర!"

"నీ జట్టుకి ఎప్పుడైనా తామరన్నా వచ్చిందా, లైల్?"

బల్ల చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. విద్యావంతులం, అందరం.

నవంబరులో జట్టు రాష్ట్ర ఫైనల్‌దాకా వెళ్లింది. అక్కడ కుండపోత వాన కురిసి, చిత్తుగా ఓడింది. ఇక భ్రమ తొలగుతుందని నేను అమాయకంగా అనుకున్నాను. సాయంత్రానికి ఊరు కారణం కనిపెట్టేసింది: వానకు బనియన్ తడిసింది; తడవడమంటే సగం ఉతికినట్టే; అందుకే ఓడిపోయాం. విశ్వాసం రెట్టింపైంది.

ఆ విధంగా బనియన్ బాస్కెట్‌బాల్ సీజన్‌లోకి ప్రవేశించింది. జిమ్ గుమ్మం పక్కన కొక్కేనికి వేలాడదీశారు. పిల్లలు సాధనకు పోతూ ముట్టుకోవడం, వస్తూ ముట్టుకోవడం. స్కూలు నర్సు వెర్నా హోల్మ్ వచ్చి దాన్ని చూసింది, పిల్లలను చూసింది, లైల్‌ను చూసింది.

"మందిచ్చాను, మచ్చలు ఎండుతున్నాయి. ఎండగానే పోయి మళ్లీ దాన్ని తడుముతారు. ఆ గుడ్డ ఉడికించేదాకా ఒక్కడు కూడా కోర్టులో దిగడు. అవతలి పిల్లలకి కూడా అంటిస్తారా ఏమిటి?"

"ఉడికిస్తే ఊరు నన్ను ఉడికిస్తుంది, వెర్నా."

"అది నా వైద్యంలోకి రాదు."

లైల్ న్యాయంగా బోర్డు ముందుకు వెళ్లాడు. ఆ సభకు ఊరంతా వచ్చింది; స్కూలు మూసేసే నిర్ణయం తీసుకున్ననాడు కూడా అంతమంది రాలేదు. బనియన్‌ను గాజుపెట్టెలో దీపం కింద ప్రతిష్ఠించాలన్న తీర్మానం అప్పటికే బల్ల మీద ఉంది.

"ఉతికి పెట్టండి, గాజుపెట్టెలోనే పెట్టండి. నాకేం అభ్యంతరం?" అన్నాడు లైల్.

డెల్మర్ గుండె మీద చేయి వేసుకున్నాడు. "లైల్, అది ఉతికే వస్తువు కాదయ్యా. అది మన వారసత్వం. స్టెల్‌విల్ వాళ్లు మన పేరు పట్టుకుపోతున్నారు, మన రంగులు పట్టుకుపోతున్నారు. కనీసం మన చెమటన్నా మనకి మిగలనీ!"

ఎవరో వెక్కి ఏడ్చారు. ఉతకరాదని ఏకగ్రీవంగా తీర్మానమైంది. ఐదుగురు పిల్లలు ఆడలేకపోతారన్న సంగతి ఎవరూ ఎత్తలేదు. లైల్ ఎత్తబోతే, సమయం మించిందని సభ ముగించారు. అంత దుర్గంధాన్ని అంత గంభీరంగా కాపాడుకున్న సభను నేను చరిత్ర పుస్తకాల్లో కూడా ఎరగను.

ఆటనాడు మధ్యాహ్నం లైల్ వడ్రంగం గదినుంచి పటకారు తెచ్చి, కొక్కేనికున్న బనియన్‌ను చేతికి తగలకుండా పట్టుకుని, జిమ్ వెనక ఉన్న వాషింగ్ మెషిన్‌లో సలసల కాగే నీళ్లలో పడేశాడు. మొదట వచ్చిన నీళ్ల రంగు గురించి రాయడానికి నా సంస్కారం ఒప్పుకోదు. మళ్లీ నీళ్లు మార్చాడు, మళ్లీ మార్చాడు. తేట నీళ్లు వచ్చాక, బట్టలుతికే ఎవరైనా చేసినట్టే, దాన్ని సరివైపుకు తిప్పి దులిపాడు. ఒక క్షణం అలాగే చూస్తూ నిలబడ్డాడు. తరువాత నిచ్చెన వేసుకుని, ఆరడానికి బాస్కెట్‌బాల్ వలయానికి తగిలించాడు.

వెర్నా వచ్చి, నిచ్చెనెక్కి దాన్ని వాసన చూసి, పిల్లల వీపులు తడిమి, గోడకు కాగితం ఆనించి సంతకం పెట్టింది. ఐదుగురూ ఆడవచ్చు.

సాయంత్రం తలుపులు తీశారు. టిక్కెట్లు చించే పని నాదే గనుక తొలి హాహాకారం నేనే విన్నాను. ష్లేకర్ మోకాళ్లమీద చేతులు ఆనించి వంగిపోయాడు. డెల్మర్ జనాన్ని తోసుకుంటూ కోర్టు మధ్యకు వచ్చాడు.

"ఎంత పని చేశావురా, లైల్! ఇక నీకు ఈ ఊళ్లో పచ్చి మంచినీళ్లు కూడా పుట్టవు!"

"తర్వాత తిట్టుదువుగాని, డెల్మర్. ముందు పైకి చూడు."

"ఏముంది చూడటానికి? అంతా పోగొట్టావు!"

"రొమ్ము మీద అక్షరాలున్నాయి. చదువు."

అదే సమయంలో స్టెల్‌విల్ జట్టు లోపలికి వచ్చింది. ముందు నడుస్తున్న కుర్రవాడు తలెత్తి చూసి ఆగిపోయాడు. "కోచ్, అది మన బట్టల గదిదే కదూ?"

ట్రెంట్ చెవులు ఎర్రబడ్డాయి. "పోయినేడు వాళ్ల ఊళ్లో ఆడినప్పుడు నా సంచిలో కలిసిపోయి ఉంటుంది," అన్నాడు నేల చూస్తూ.

డెల్మర్ కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, సీజనంతా లోపలివైపు దాగిన ఆ నల్లటి అచ్చక్షరాలను పైకే చదివాడు:

"స్టెల్‌విల్ హైస్కూల్ ఆస్తి. వాడిన పిదప ఉతికి వాపసు చేయవలెను."