పనివాళ్ళు ఎక్కకూడని లిఫ్టు

నేను ఒక ముసలి లిఫ్టును. ఎక్కీ దిగీ అలిసిపోయాను తల్లీ. బొంబాయిలో ఏదో షెడ్డులో చేసి, మొదట ఒక ఆసుపత్రిలో పెట్టారు. అక్కడ అప్పుడే పుట్టిన బిడ్డనీ, పోయిన మనిషినీ నేనే మోశాను. ఎవరింటివాళ్ళో ఒక్కరూ అడగలేదు. ఆ ఆసుపత్రి మూతపడ్డాక హైదరాబాదులో ఈ ఐదంతస్తుల అపార్టుమెంటుకు అమ్మేశారు. వచ్చిన నెలకే నా నెత్తిన బోర్డు కొట్టారు. నాకు చదువెక్కడిది? వాచ్‌మన్ చదివితే విన్నాను: పనివాళ్ళు మెట్లే వాడవలెనట. కుక్కలు మాత్రం దర్జాగా నాలోనే తిరుగుతాయి.

నావి ఊచల తలుపులు. నా చుట్టూ తిరిగే మెట్లన్నీ నాకు కనిపిస్తాయి. పదకొండేళ్ళుగా యాదమ్మ ఎక్కడం చూస్తున్నాను. ఐదో అంతస్తులో వసుంధరమ్మ ఇంట్లో గిన్నెలు తోముతుంది. ఈమధ్య మోకాలు వాచి, మూడో మలుపులో కూలబడేది. "ఇగ నాతోని గాదు. పని ఇడిశిపెడ్తే తినేదేంది?" అని తనలో తనే అనుకునేది.

వసుంధరమ్మ చెడ్డమనిషేం కాదు. పుట్టుకతో కలిసొచ్చిన మేళ్ళు మన కంటికే ఆనవు, వెతికి చూసుకోవాలని ఆఫీసుల్లో పాఠాలు చెప్పడమే ఆమె ఉద్యోగం. ఆ పాఠం రోజూ నా అద్దం ముందు వల్లెవేసేది. ఊచల అవతల యాదమ్మ ఎక్కుతూనే ఉండేది.

మొన్నామధ్య నా మోటారు కాలింది. మూడు రోజులు కదల్లేదు. వసుంధరమ్మ మెట్లెక్కలేక మూడో మలుపులో యాదమ్మ పక్కనే చతికిలబడింది.

"అబ్బా, ప్రాణం పోతోంది! రోజూ ఇలాగే ఎక్కుతావా యాదమ్మా?"

"లేదు, రెక్కలు గట్టుకొని ఎగిరొస్త గదమ్మా! జర లేటైతే 'ఏడ తిరిగొస్తున్నవ్' అని మీరే అంటరు."

వసుంధరమ్మ ఆమె వాచిన మోకాలి వంక చూసింది.

నన్ను బాగుచేసిన రోజు వసుంధరమ్మ యాదమ్మను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది. యాదమ్మ చెప్పులు విప్పి, నా గోడలకు తగలకుండా ఒదిగి నిలబడింది. అంతలో అసోసియేషన్ సెక్రటరీ విశ్వేశ్వర్రావు ఎక్కాడు. చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. యాదమ్మ చెప్పులు చేతబట్టుకుని దిగిపోయింది.

తలుపు మూస్తేనే నేను కదిలేది. వసుంధరమ్మ ఆ తలుపు పట్టుకుని నిలబడింది.

"యాదమ్మ ఎక్కేదాకా మూయను సార్."

"రూలు మార్చాలంటే మీటింగు పెట్టాలమ్మా."

"పెట్టండి. అందాకా ఇక్కడే నిలబడతాను."

ఆయన కాసేపు గడియారం చూసుకున్నాడు, దిగి మెట్లదారి పట్టాడు. యాదమ్మ మోకాలు పట్టుకుని మళ్ళీ లోపలికొచ్చింది.

ఆరుగురిని మోయగల ఒళ్ళు నాది. ఆ పూట ఇద్దరితోనే పైకి పోయాను.