అమ్మ పెదవులు

రసజ్ఞకు అమ్మ పెదవులు మరుపున పడుతున్నాయి. "పాపా" అని పిలిచేటప్పుడు కింది పెదవి కొంచెం పక్కకు లాగేదని గుర్తుంది. కుడికా ఎడమకా అంటే మాత్రం తేలడం లేదు. ఆ భయంతోనే ఆదివారం పొద్దున్నే బాచుపల్లిలో బయల్దేరి, పుప్పాలగూడలో ఉన్న తమ్ముడు చైతన్య ఇంటికి వచ్చింది.

చిన్నప్పుడు జ్వరమొచ్చి ఆమె రెండు చెవులూ పోయాయి. కదిరిలో అలాంటి పిల్లలకు బడి లేదు. ఉన్న బడల్లా తల్లి రత్నమ్మే. కూతుర్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, తన మొహం వాకిలి వెలుతురుకు తిప్పుకుని, ఒక్కో మాటా పెదవుల మీద నిదానంగా పలికి చూపించేది. వీధిలోవాళ్ళు ఆవిడకు పిచ్చి పట్టిందనుకున్నారు. అనుకోనీ. ఆ పిచ్చి పుణ్యమా అని రసజ్ఞ ఈరోజు ఎదుటి మనిషి నోరు చూసి మాట చదువుతుంది, దీటుగా బదులు చెబుతుంది, హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్లలో తప్పులు పట్టే ఉద్యోగం చేస్తోంది.

రత్నమ్మ జబ్బుపడి మంచాన ఉన్నప్పుడు రసజ్ఞ పుణేలో కొత్త ఉద్యోగంలో ఉంది. కూతురు వచ్చేదాకా తాను ఉండనని ఆవిడకు తెలిసిపోయింది కాబోలు, కొడుకును పిలిచి మంచం కిటికీ వైపు తిప్పించుకుంది. "అక్క కోసరం మాట్లాడతా, తీయరా" అంది. చైతన్య దగ్గర నేరుగా డిస్కు మీదికే ఎక్కించే కెమెరా ఉండేది. అంతా అయిపోయాక రసజ్ఞ ఆ డిస్కు పెట్టి, "పాపా" అన్న మొదటి మాట చదివి, ఆపేసింది. చూడలేకపోయింది. గుండె గట్టిపడ్డాక చూసుకుందామనుకుంది. ఆ గట్టిపడటానికి ఏళ్ళు పట్టాయి.

డిస్కు చైతన్యే ఉంచుకున్నాడు. "నా దగ్గర పెట్టుక్కా. భద్రం చేసేది మాకంటే ఎవరికి తెలుసు?" అన్నాడు. అదీ నిజమే మరి. పెద్ద కంపెనీలో లోకంలోవాళ్ళ సమాచారమంతా పోకుండా బ్యాకప్ తీసి దాచిపెట్టడమే అయ్యగారి పని.

ఇప్పుడు చైతన్య డిస్కు పెట్టగానే టీవీలో అమ్మ కనిపించింది. నీలం చీర తెలుస్తోంది, కిటికీ తెలుస్తోంది. మొహం ఉండాల్సిన చోట గోధుమరంగు గళ్ళు అటూ ఇటూ కదులుతున్నాయి. రసజ్ఞ లేచి టీవీ దగ్గరికి వెళ్ళింది. దగ్గరికి వెళ్ళేకొద్దీ గళ్ళు పెద్దవయ్యాయే గానీ అమ్మ రాలేదు.

"ఏంది వదినా, ఏమైంది?" అంది చైతన్య భార్య ప్రశాంతి, ఆమె ముందుకు వచ్చి నిలబడి.

"నోరు కనపడ్ల్యా."

చైతన్య ఆమె వైపు తిరిగాడు. "పాతది కదక్కా. ఏటేటా అమ్మ సంవత్సరీకం నాడు కొత్త కాపీ తీస్తాండా. కాపీకి కాపీ తీస్తే మసకబడతాది గదా, జిరాక్సు మాదిరి."

"జిరాక్సు మసకబడతాది. డిస్కులో ఉండేవి అంకెల్రా. ఉన్నవి ఉన్నట్టు దింపితే ఎన్నిసార్లు దింపినా అరగవు. నీకు తెలీదా?"

ఆమె వదల్లేదు. ల్యాప్‌టాప్ తెరిపించి, ఎలా కాపీ తీస్తాడో తన ఎదుటే చేయించింది. తప్పులు పట్టడం ఆమె తిండి కదా, ఇట్టే పట్టేసింది. ఇంటికంతా ఒకటే డిస్కు. మొదట్లో అందులో అమ్మ ఒక్కతే ఉండేది. తర్వాత చైతన్య పెళ్ళి చేరింది, ఆపైన ఈ ఫ్లాటు గృహప్రవేశం, కొడుకు పుట్టినరోజులు. చోటు చాలకపోతే కుదించి సర్దమని సాఫ్ట్‌వేర్‌లో ఒక టిక్కు ఉంది. ఏటేటా అదే టిక్కు, ఏటేటా అదే కుదింపు, కుదించినప్పుడల్లా బొమ్మలో కొన్ని అంకెలు రాలిపోతాయి. కొత్తవి ఒకట్రెండుసార్లే నలిగాయి. అందరికంటే ముందు నుంచీ ఉన్న అమ్మ అన్నిసార్లూ నలిగింది.

"మొదటి డిస్కు ఏదిరా?"

"విరిచి పారేసినా. కొత్తది తీసినాక పాతది ఉంచగూడదక్కా. ఆఫీసులో అదే రూలు."

"తీసినాక ఒక్కసారైనా చూసినావా?"

"చూడకుండా ఎట్ల పారేస్తా? ప్రతిసారీ మొదటి నుంచి చివరిదాకా పెట్టి చెక్ చేస్తా. ఇంట్లో పని చేసుకుంటా వింటా ఉంటా. గొంతు యాడా తెగదు."

"గొంతైతే మంచిగనే వస్తది వదినా. జర పరేషాన్ గాకు" అంది ప్రశాంతి.

వినబడని మనిషి కోసం తీసిన వీడియోను చెవులతో పరీక్ష చేసి, పాసైందని పాతది విరిచేశారు. చదువుకున్నవాళ్ళు, ప్రేమ ఉన్నవాళ్ళు, ఏటేటా తప్పకుండా చేసినవాళ్ళు. రసజ్ఞ తిట్టడానికి నోరు తెరిచింది గానీ, వాడి మొహంలో భయం చూసి ఊరుకుంది. తిడితే మాత్రం అమ్మ వస్తుందా?

"నేను విని చెప్తా అక్కా. ఒక్క మాట కూడా వదలను" అని చైతన్య ఆమెకు ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. వీడియో మళ్ళీ మొదలైంది.

"పాపా అంటాంది" అన్నాడు. "టయానికి తినమంటాంది. ఒంటరిగా బండి మీద పోవద్దంటాంది." కాసేపు బాగానే జరిగింది. ఆ తర్వాత అతను ఆమెకేసి చూడటం మరిచిపోయి టీవీ వైపు తిరిగాడు. అతని పెదవులు ఆగిపోయాయి. తెర మీద గళ్ళు మాత్రం కదులుతూనే ఉన్నాయి. ప్రశాంతి చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. చైతన్య భుజాలు కదిలిపోతున్నాయి.

"ఏమంటాందిరా?" అంది రసజ్ఞ.

అతను అరచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

"చైతూ, ఏమనింది?" అని భుజం పట్టి తన వైపు తిప్పుకుంది.

"తర్వాత చెప్తాలే అక్కా."

ఆ మాట చదవడంలో రసజ్ఞ జన్మలో ఎప్పుడూ తడబడలేదు. పెళ్ళిళ్ళలో, భోజనాల దగ్గర, ఆఫీసు క్యాంటీన్లో, అందరూ నవ్వాక ఏంటని అడిగితే ఆమెకు దక్కేది అదే. ఆ తర్వాత అనేది ఎన్నడూ రాదు. ఒక్కసారి కూడా ఆ మాట అనని మనిషి తెర మీద ఉంది, ఆమెకేసే చూస్తూ ఇంకా ఏదో చెబుతూనే ఉంది.