ఓడకు ఒడిబియ్యం

చాటలో బియ్యం జారిన చప్పుడు... ఇసుక మీద సన్నని వాన పడ్డట్టు.

ధర్మపురిలో ఆ చప్పుడు విన్నప్పుడల్లా చంద్రవ్వకు సముద్రం గుర్తొచ్చేది. చూసిన సముద్రం కాదు. తమ్ముడు చెప్పిన సముద్రం.

తమ్ముడు హనుమండ్లు నేవీలో వంటవాడు. పోలీసు యాక్షన్ అయిన మరుసటేడు బొంబాయి పోయి ఓడెక్కాడు. అది యుద్ధం చేసే ఓడ కాదు. యుద్ధం చేసే ఓడలకు బియ్యం, మంచినీళ్లు, చమురు మోసుకుపోయే ఓడ.

సెలవుకొస్తే దాని ముచ్చటే. పెళ్లి మాటెత్తితే మాత్రం చెవిన పడనట్టే ఉండేవాడు.

"నీకు పెండ్లెందుకురా తమ్మి, గా ఓడనే నా మర్దలు," అని చంద్రవ్వ ఎకసెక్కమాడేది. ఆ పేరే దానికి ఖాయమైపోయింది.

మర్దలు ఎంత పెద్దది?

ఎండకాలం గోదావరికి అడ్డం పెడితే నీళ్లు ఆగిపోతాయట.

మరి అంతదానికి ఫిరంగి లేదా?

"ఉన్నదక్కా, గింత. పిట్టలు సుత బెదరవు."

మరేం చేస్తుంది?

"పెడ్తది. ఆకలైన ఓడ పక్కకొస్తది. రెండూ ఉరుకుతనే ఉంటయి. నడుమ తాళ్లు కట్టి బస్తాలు దాటిస్తం. మనది ఆగది, కూసోదు. ఉరుక్కుంటనే పెడ్తది."

చంద్రవ్వ చేతిలో చాట ఆగిపోయింది.

ఉరుక్కుంటూనే పెట్టడం... నాట్లప్పుడు గట్టు మీద నడుస్తూ కూలోళ్లకు వడ్డించిన మనిషి ఆమె. కానీ కింద నేలే లేని చోట, అలల మీద, అంత మందికి!

ఏండ్లు గడిచాయి. తుపాను కొట్టిన ఊళ్లకు మర్దలు నీళ్లు మోసింది. అరవై ఐదు యుద్ధంలో దీపాలార్పుకుని చమురు మోసింది. ఎవరి మీదా గుండు వేయలేదు. ఏ పత్రికా దాని పేరు వేయలేదు. చంద్రవ్వ మాత్రం పండుగ పూట గోదావరిలో దాని పేరున పసుపు కుంకుమ వదిలేది — ఆ నీళ్లు సముద్రానికే కదా పోయేది.

అరవై ఎనిమిదిలో హనుమండ్లు వచ్చి, కంచం ముందు కూర్చుని, అన్నం కలపలేదు.

"ముసల్దైందక్కా. ఇగ పలగ్గొడ్తరట. నేను పోయి సామాను దించుత, గంతే."

అంతమందికి పెట్టినదాని ఒడి ఎవరైనా నింపారా? ఆడబిడ్డకు పుట్టింటివాళ్లు పోయాలి ఒడిబియ్యం. దానికి పుట్టిల్లేది? ఇంగ్లీషోళ్లు కట్టి, వాడుకుని, అమ్మేసుకున్నారట.

"దానికి తల్లిగారు లేరు. నేనే తల్లిగారినైత."

పసుపు కలిపిన బియ్యం. ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పోకలు. మీద ఒక రవికె గుడ్డ. మూట కట్టింది.

"నలుగురు నవ్వుతరక్కా."

"నవ్వనీ. ఆడివిల్లను వట్టి ఒడితోని తోల్తరా తమ్మి?"

అతను మూట తీసుకున్నాడు. సరే అనలేదు.

పోస్తాడో... సిగ్గుపడి దారిలో వదిలేస్తాడో... ఆ దిగులుతో చంద్రవ్వకు తిండి సయించలేదు. ఓడ వట్టి ఒడితోనే పోయిందేమోనని గోదావరి వైపు చూడలేకపోయింది.

వానలు పడ్డాక వచ్చాడు. నేవీ విడిచి, ఇనుప పెట్టెతో. పెట్టె దించకముందే జేబులోంచి రుమాలు ముడి తీశాడు.

విప్పితే బియ్యం. పిడికెడు. తుప్పు రంగు పట్టి, ఉప్పు వాసన వేస్తున్నాయి.

"ఓడల బియ్యపు కొట్టు ఖాళీ అయినంక పలకల సందుల దొరికినయి. ఎన్నేండ్లవో. నీ బియ్యం గాడనే పోసిన. అందరు టోపీలు తీసి నిలవడ్డరు. ఎవ్వలు నవ్వలే."

రుమాలు అక్క ముందుకు చాచాడు.

"ఒడి నిండినంక తల్లిగారింటికి పిడికెడు తిరిగియ్యాలె గదక్కా. మన అవ్వ చెప్పేది."

చంద్రవ్వ కొంగు పట్టింది. ఎన్ని ఓడల ఆకలి చూసిన గింజలో... ఏ సముద్రం మీద జారిపడ్డవో. ఇన్నాళ్లూ దాచుకుని మర్దలు ధర్మపురికి పంపింది.

లోపలికి పోయి బియ్యపు కాగులో పోసింది.

మర్దలు ఇంకా నీళ్ల మీద ఉందో, ముక్కలైందో, హనుమండ్లుకూ తెలియదు.

సన్నని చప్పుడు... ఇసుక మీద వాన పడ్డట్టు.

అది ఆగిపోయాక కూడా చంద్రవ్వ కాగు మీద నుంచి చెయ్యి తీయలేదు.