ఎవరు గీశారో తెలీదు

రెండో పీరియడ్ ముగించుకుని సెగావా తొమోయె స్టాఫ్ రూములోకి వచ్చేసరికి వైస్ ప్రిన్సిపాల్ ఇగరాషి బల్ల చుట్టూ నలుగురైదుగురు మాస్టర్లు మూగి ఉన్నారు. ఇగరాషి చేతిలో పల్చటి పుస్తకం ఒకటి ఉంది. దాని నీలి అట్ట కంటపడగానే ఆమె గుమ్మం దగ్గరే ఆగిపోయింది. అది ఆమె గీసిన పుస్తకమే.

తొమోయెకి ఇరవై ఏడేళ్ళు. కిర్యూ ఊళ్ళోని ఆ మిడిల్ స్కూల్లో సైన్సు చెబుతుంది. టీవీలో వచ్చే ఒక అంతరిక్ష యుద్ధాల బొమ్మల సీరియల్ అంటే కాలేజీ రోజుల నుంచీ ఆమెకు ప్రాణం. అందులోని ఇద్దరు పైలట్ల మీద సొంతంగా కథలల్లి, బొమ్మలు గీసి, వంద కాపీలు అచ్చు వేయించి, టోక్యోలో ఏడాదికి రెండుసార్లు జరిగే అభిమానుల సంతలో అమ్మేది. అట్ట మీద మత్సుయోయి అనే కలం పేరు తప్ప ఆమె ఆనవాలు ఏదీ ఉండదు. ఈ సంగతి స్కూల్లో ఎవరికీ తెలియదు. కన్నవాళ్ళకీ తెలియదు.

ఆ సంతల్లో కలిసే ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఒకరినొకరు ‘ఒతాకు’ అని పిలుచుకునేవారు. నిజానికి ఆ మాటకు ‘మీ ఇల్లు’ అని అర్థం. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు మాట్లాడుకునేటప్పుడు ‘తమరు’ అన్నట్టుగా వాడే మర్యాద మాట. కుర్రకారు నోట అది ఎబ్బెట్టుగా వినబడేసరికి బయటివాళ్ళు ఆ పిలుపునే వాళ్ళకు పేరుగా తగిలించి వెక్కిరించారు. ఆ ఏడాది, అంటే 1989 వేసవిలో, చిన్నపిల్లలను చంపినవాడొకడు పట్టుబడ్డాడు. వాడి గది నిండా వీడియో టేపులూ, బొమ్మల పుస్తకాలూ ఉండడం టీవీలో దేశమంతా చూసింది. అప్పటిదాకా వెక్కిరింతగా ఉన్న మాట అక్కణ్ణుంచి తిట్టయింది. తల్లులు బడికెళ్ళిన పిల్లల గదులు వెతకడం మొదలుపెట్టారు.

“ఎవరిదండీ అది?” అంది తొమోయె.

“మీ క్లాసు పిల్లదే. ఒగురి చికా,” అన్నాడు డ్రిల్లు మాస్టరు కితజుమె. “బ్యాగులోంచి జారిపడింది. నోట్లో నాలుక లేనట్టుంటుంది కదా, చూడండి దాని సంగతి. అదీ ఆ బాపతే. ఒతాకు.”

ఇగరాషి కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. ఇంకో రెండేళ్ళలో రిటైరయ్యే మనిషి. “నాకు తెలీక అడుగుతానూ, అదేం తిట్టయ్యా? మా ఆవిడ రోజూ పక్కింటావిణ్ణి పట్టుకుని ‘ఒతాకులో అందరూ కులాసానా’ అంటుంది.”

“ఆ ఒతాకు వేరండీ. ఈ ఒతాకులు తలుపులేసుకుని బొమ్మల్తో కాపురం చేస్తారు.”

అందరూ నవ్వారు. ఇగరాషి కూడా నవ్వుతూనే పేజీ తిప్పి, ఒకచోట ఆగి, పాఠం చదివినట్టు పైకి చదివాడు. “‘నీ చెయ్యి చల్లగా ఉంది. తెల్లారేదాకా నా దగ్గర ఉంచు.’ ఎవరితో అంటున్నాడు? ఓహో, ఇతనూ మగాడేనా?”

ఈసారి నవ్వు కిటికీ అద్దాలు అదిరేలా వచ్చింది. ఆ వాక్యం కోసం తొమోయె ఒక శీతాకాలమంతా కుస్తీ పట్టింది. రాసిన రోజున తనే ఏడ్చింది. ఇప్పుడు మాస్టర్ల మధ్య నిలబడి తనూ నవ్వింది. మొహమాటానికి పెదాలు కదపడం కాదు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వింది. అందరికంటే ఆఖరున నవ్వడం ఆపింది కూడా తనే.

“క్లాసు టీచరు మీరే కదా, వాళ్ళమ్మని పిలిపించండి,” అన్నాడు ఇగరాషి.

చికా తల్లి యసుయో మర్నాడు మధ్యాహ్నం వచ్చింది. బట్టల మిల్లులో కుట్టుపని చేస్తుంది. పూట సెలవు పెట్టి, ఉన్నవాటిలో మంచి కోటు వేసుకుని వచ్చింది. ఆ కోటు చేతికి ఒక దారప్పోగు అంటుకుని ఉంది. చిన్న గదిలో బల్లకు అటు తల్లీకూతుళ్ళు, ఇటు ఇగరాషి, తొమోయె కూర్చున్నారు. పుస్తకం మధ్యలో ఉంది.

ఇగరాషి చెడ్డవాడు కాదు. తల్లి బెదిరిపోయి ఉందని గమనించి, వీలైనంత మర్యాదగా మొదలుపెట్టాడు. “ఒతాకులో అమ్మాయి ఎలా ఉంటుందమ్మా?” అన్నాడు.

మీ ఇంట్లో ఎలా ఉంటుంది అనే ఆయన అడిగింది. యసుయో మాత్రం చెంప మీద కొట్టినట్టు వెనక్కి జరిగింది. “మా పిల్ల అలాంటిది కాదండీ,” అంది. “మేం అలాంటివాళ్ళం కాదు. అన్నం వండుతుంది, తమ్ముడికి లెక్కలు చెబుతుంది. టోక్యోలో మా అక్క కూతురుంది, అదిచ్చి ఉంటుంది ఇలాంటివి.”

“అయ్యో, నేనన్నది ఆ అర్థంలో కాదమ్మా,” అని ఇగరాషి కంగారుపడ్డాడు. ఆ మాటకు బదులు ఇంకే మాట వాడాలో పాపం ఆయనకు తట్టలేదు. ఇబ్బందిలోంచి బయటపడడానికి పిల్ల వైపు తిరిగాడు. “ఇవి గీసేది ఎవరమ్మా? నీకు తెలిసినవాళ్ళా?”

చికా తలెత్తింది. ఆ పిల్లకు పద్నాలుగేళ్ళు. ఒక్క క్షణం తొమోయె మొహంలోకి చూసి మళ్ళీ తల దించుకుంది. “ఎవరు గీశారో తెలీదండీ,” అంది.

“సెగావా టీచర్, మీరేమంటారు?”

తను గీశానని చెప్పడానికి అంతకంటే మంచి సమయం రాదని తొమోయెకు తెలుసు. చెప్పకపోయినా, చదువు పాడుకాకుండా చూసుకో అని రెండు ముక్కలు అనేసి ఊరుకోవచ్చు. కానీ ఆ పిల్ల చూపు ఆమెను భయపెట్టింది. భయంలో నోరు దానంతటదే పరిగెత్తింది.

“ఇలాంటివి గీసేవాళ్ళకి బతుకంటూ ఒకటి ఉండదు, ఒగురీ,” అంది. “పెళ్ళీ పెటాకులూ ఉండవు. నలుగురిలో కలవడం చేతకాక కాగితాల వెనక దాక్కుంటారు. నువ్వు అట్లా అయితే మీ అమ్మ ఏమైపోతుంది?”

ఇగరాషి మెచ్చుకోలుగా తలూపాడు. యసుయో కళ్ళు తుడుచుకుంది.

తర్వాత రెండు రోజులు ఆ పిల్ల బడికి రాలేదు. మూడో రోజు వచ్చింది. సైన్సు ల్యాబు ఊడవడం ఆ వారం ఆమె వంతు. మిగతా పిల్లలు వెళ్ళాక తొమోయె తలుపు దగ్గరికి వేసింది.

“ఒంట్లో బాగాలేదా?”

“బాగానే ఉందండీ. అమ్మ నా పుస్తకాలన్నీ పెరట్లో డబ్బాలో వేసి తగలబెట్టింది. నేను గీసుకున్నవి కూడా. పొగకి కళ్ళు వాచిపోయాయి, అందుకని రాలేదు.”

“నువ్వు కూడా గీస్తావా?”

“గీసేదాన్ని.” చికా చీపురు గోడకు ఆనించింది. “టీచర్, ఆ పుస్తకం మీదని నాకు తెలుసు.”

తొమోయె కుర్చీ వెతుక్కుని కూర్చుంది.

“పోయిన నెల నాడి చూడ్డం చెప్పేటప్పుడు బోర్డు మీద చేతులు గీశారు కదా. మత్సుయోయి గారి చేతులే అవి. బొటనవేలు అట్లా ఇంకెవరూ గీయరు. ఆ రోజు నాకు రాత్రి అన్నం సహించలేదు, సంతోషంతో.”

“మరి ఆ గదిలో ఎందుకు చెప్పలేదు?”

“మీ ఉద్యోగం పోతుందేమో అనుకున్నా.” నేల చూస్తూ అంది. “మీరు అన్నదంతా మీ గురించే అన్నారా, నా గురించా?”

చికా కొంచెంసేపు ఎదురుచూసి, చెత్త ఎత్తి, వంగి నమస్కరించి వెళ్ళిపోయింది. పద్నాలుగేళ్ళ పిల్ల తనను కాపాడింది. తను ఆ పిల్లను అమ్ముకుంది.

మర్నాడు పొద్దున్నే ఇగరాషి దగ్గరికి వెళ్ళి నిలబడింది. “సార్, ఆ నీలి అట్ట పుస్తకం ఉంది కదా. అది గీసింది...”

ఇగరాషి చెయ్యెత్తి ఆపాడు. ఆమె మొహంలోకి చాలాసేపు చూశాడు. “ఆ విషయం సద్దుమణిగిందమ్మా. నువ్వు ఇప్పుడేం చెప్పబోతున్నావో నాకు తెలీదు, తెలుసుకోను కూడా. వింటే నేను పైవాళ్ళకి కాగితం పెట్టాలి. వెళ్ళు, బెల్లు కొడతారు.”

ఆయన దయతోనే అన్నాడు. ఆ దయ ఆమెకు చెంపదెబ్బలా తగిలింది. ఒప్పుకోవడానికి కూడా ఆలస్యమైపోయింది.

ఆ ఆదివారం ఒగురి వాళ్ళింటికి వెళ్ళింది. గుమ్మంలో చెప్పులు విప్పే చోటే, నేల మీద చేతులు ఆనించి, తల వంచి యసుయోకి అంతా చెప్పింది. చికా ఇంట్లో లేదు. యసుయో మధ్యలో అడ్డుపడలేదు. కేకలు వేయలేదు. వినడం అయ్యాక అలాగే నిలబడి అంది:

“అంటే టీచరుగారూ, ఆ గీసేది ఉద్యోగం చేసుకునే మనిషేనన్నమాట. చదువుకుని, శుభ్రంగా బట్టలు కట్టుకుని, పిల్లలకి పాఠం చెప్పే మనిషి.”

“అవునండీ.”

“ఆ ముక్క ఆ రోజు నాకు తెలిసుంటే నేను అగ్గిపుల్ల గీసేదాన్నా? టీవీలో చూపించినవాడొక్కడే నా కళ్ళలో ఉన్నాడు. మా పిల్ల గీసిన కాగితాలు ఒక్కొక్కటీ నేనే చించి వేశాను. అది పక్కన నిలబడి చూసింది. ఏడవలేదు. మీరన్నది నిజమేనని నమ్మింది కాబోలు.” ఆమె కిందికి వంగి, ఇక వెళ్ళమన్నట్టు, తొమోయె చెప్పులను వీధి వైపు తిప్పి పెట్టింది. “లేవండి. పక్కింటివాళ్ళు చూస్తారు.”

తొమోయె ఆ తర్వాత సంతలకు వెళ్ళలేదని కాదు. వెళ్ళింది, గీసింది. మానేస్తే ఆ రోజు తను అన్న మాటలకు తనే సాక్ష్యం పలికినట్టవుతుందని అనుకునేది. ఒక్కోసారి మాత్రం గీస్తున్నందుకే సిగ్గుపడేది. ఒకసారి కొత్త కాగితాలూ, పెన్నులూ, సిరా సీసా కొని చికా డెస్కులో పెట్టింది. మర్నాడు అవి ల్యాబు బల్ల మీద, విప్పని కట్టతోనే, మళ్ళీ కనిపించాయి. చీటీ ఏమీ లేదు.

మరుసటి ఏడు మార్చిలో ఆ తరగతి చదువు ముగించి బడి విడిచింది. పిల్లలు వరసగా వచ్చి టీచర్లకు నమస్కరించారు. కొందరు ఏడ్చారు. చికా వంతు వచ్చింది. ఆ అమ్మాయి కితజుమె మాస్టరుకు ఎంత వంగిందో తొమోయెకూ అంతే వంగింది. “ఇన్నాళ్ళూ పాఠాలు చెప్పినందుకు కృతజ్ఞతలు,” అని అందరికీ చెప్పిన మాటే చెప్పి ముందుకు కదిలింది. వెనకాల ఇంకా ఇరవైమంది ఉన్నారు. తొమోయె వాళ్ళందరికీ తలవంచి బదులు నమస్కరించింది. తర్వాత వచ్చిన పిల్లల మొహాలు ఏవీ ఆమెకు గుర్తులేవు.