ఒక్క పోస్టులో అందరికీ జవాబు

మెట్ల కింది గదిలో జరిగిన సమావేశానికి హాజరైనవారు, వచ్చిన వరుసలో: అధ్యక్షుడినైన నేను; మోచేతుల దాకా నీలిరంగుతో, కింది వాటాలో అద్దకం పని చేసే ఆవిడ; పళ్ళ డాక్టరు; ఎవరూ పిలవకపోయినా ఆయన వెనకే వచ్చిన ఆయన అత్తగారు; చివరగా, పై అంతస్తు వయొలిన్ టీచరు. ముద్దాయి ఆలస్యంగా రావడం మర్యాద కాదు. అయితే ఆమె పాఠం మధ్యలో లేచి వచ్చింది.

మా భవనవాసులకు ఫోనులో ఒక చర్చా బృందం ఉంది. చర్చ అన్న మాటకు అంతటి అవమానం నేను కళాశాల ప్రిన్సిపాలుగా ఉన్న కాలంలో కూడా చూడలేదు. ఒకరు శుభోదయం అంటే మిగతావారు పువ్వులు పంపేవారు. ఆ పువ్వులకు నమస్కారాలు, ఆ నమస్కారాలకు బొటనవేళ్ళు. ఈ వరదకు పళ్ళ డాక్టరు ఆనకట్ట కట్టాడు. మనిషికి రోజుకు ఒక్క పోస్టు. ఎవరికి ఏ జవాబు చెప్పాలన్నా అన్నీ కలిపి అందులోనే. మీరితే బృందం నుంచి తొలగింపు. నిబంధన సబబైనదే. పాటించడానికి కాస్త బుద్ధి కూడా కావాలన్న సంగతి మాత్రం ఆయన అందులో చేర్చలేదు.

నాటి నుంచి ఆయన పోస్టు రోజూ సాయంత్రం గూడ్సు బండిలా వచ్చేది. చివరి పెట్టె దాకా నిలబడే ఓపిక ఎవరికుంటుంది? ఇంజను చూసి బొటనవేలు పెట్టేవాళ్ళం. మొన్నటి బండిలో, ఒకరి మనవడి బొమ్మకు మెచ్చుకోలుకూ మరొకరి పద్యంలో యతిదోషానికీ మధ్య ఇరుక్కున్న పెట్టె ఇది: రేపు ట్యాంకు కడుగుతారు, మధ్యాహ్నం దాకా నీళ్ళు రావు. తన పాఠాల మీద ఎక్కడ అడ్డుపుల్ల వేశాడోనని వెతుక్కుంటూ టీచరు అది చదివింది. ఆనాటి తన వంతు పోస్టు అయిపోయినా, ఆ ఒక్క వాక్యాన్ని విడిగా మళ్ళీ పెట్టింది. నేరం ఇదే.

"నియమం నియమమే సార్," అన్నాడు డాక్టరు. "ఇవాళ నీళ్ళంటారు, రేపు పాలంటారు. తీసెయ్యాల్సిందే."

తీసేస్తే ఏమవుతుందో గదిలో అందరికీ తెలుసు. ఆమె సాయంత్రం పాఠాలు ఉండాలా వద్దా అన్నది వచ్చే వారం బృందంలోనే తేలుతుంది. వద్దంటున్నవాడు ఆమె కింద కాపురముండే ఈ డాక్టరే. బృందంలో లేనివారికి ఓటు లేదు. సాయంత్రాలు పోతే శిష్యులు పోతారు, శిష్యులతో పాటు ఆమె బతుకుతెరువూ పోతుంది.

"ఆ ముక్క చూడకపోతే నా పని తెల్లారేది డాక్టరుగారూ," అంది అద్దకం ఆవిడ. "పొద్దున్నే నాటకం వాళ్ళ తెరలు రంగులో ముంచేదాన్ని. తీసిన వెంటనే జాడించకపోతే అంతా మరకలే. ముందే డ్రమ్ములు నింపుకున్నా కాబట్టి బతికిపోయా."

"నేనూ రాశానుగా అమ్మా."

"రాశారు. చదివిందెవరు?"

"చదవకపోతే అది నా తప్పా? మా ఇంట్లో అందరూ చదువుతారు."

అత్తగారు సంచీలో కళ్ళజోడు వెతుక్కుంటూ, తల ఎత్తకుండానే అడిగింది. "మరి ఆ పొద్దున సబ్బు మొహంతో బయటికొచ్చి, నీళ్ళేవత్తయ్యా అని నన్నెందుకు అడిగారు అల్లుడుగారూ?"

డాక్టరు తన చెంప తడుముకున్నాడు, అక్కడ ఇంకా నురగ ఉన్నట్టు.

"పన్ను పీకితే ఒక్కటే పీకుతారు మా అల్లుడుగారు," అందావిడ టీచరు వైపు తిరిగి. "రాసేటప్పుడే, పాపం, దవడంతా బయట పెడతారు."

తొలగింపు తీర్మానాన్ని బలపరిచేవారు ఎవరని అడిగాను. డాక్టరు అత్తగారి వంక చూశాడు. ఆవిడకు కళ్ళజోడు ఇంకా దొరకలేదు. తీర్మానం వీగిపోయింది. టీచరు మెట్లెక్కి తన పాఠానికి వెళ్ళిపోయింది, సాయంత్రం కావచ్చింది.

పళ్ళ డాక్టరుగారి పోస్టును, రాసినవారు సైతం చేయలేకపోయిన విధంగా, ఎవరి ఒత్తిడీ లేకుండా మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివినందుకు పై అంతస్తు వయొలిన్ టీచరుగారికి భవనవాసులందరి తరఫున అధ్యక్షుడిగా నా కృతజ్ఞతను ఇందుమూలంగా నమోదు చేస్తున్నాను.